దీపం మీద బోర్లించిన కుంచం

మా నాయనమ్మ దగ్గర ఒక కుంచం ఉండేది. చెక్కది, అంచుకి ఇనుప పట్టీ కొట్టించారు. నాలుగు మానికలు పోస్తే నిండేది. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి "ఒకటి" అనేవాళ్ళు కాదు, "లాభం" అనేవాళ్ళు. లాభం, రెండు, మూడు... అలా సాగేది లెక్క. ఇప్పుడు కుంచమూ లేదు, ఆ లెక్కా లేదు. మొన్న సండేస్కూల్లో కుంచం అంటే ఏమిటిరా అని అడిగితే ఒకడు "రంగులేసుకునేది" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఈ తరానికి ఆ మాట మిగిలింది బైబిల్లో మాత్రమే.

"మనుష్యులు దీపము వెలిగించి కుంచము క్రింద పెట్టరు కాని అది యింటనుండువారికందరికి వెలుగిచ్చుటకై దీపస్తంభముమీదనే పెట్టుదురు." మత్తయి 5:15.

దీపం కప్పడానికి చాట చాలు, గంప చాలు, పగిలిన కుండయినా చాలు. మరి ప్రభువు కుంచాన్నే ఎందుకు ఎత్తుకున్నాడు? గ్రీకు మూలంలో ఉన్నదీ ధాన్యం కొలిచే పాత్ర పేరే. ఇంట్లో చేతికందే పాత్ర కాబట్టి అన్నాడేమో, అంతకు మించి ఏమీ లేదేమో. కానీ కుంచంతో కొలవడం చూసి పెరిగినవాణ్ణి, నాకు ఆ వచనం ఇంకోలా వినిపిస్తుంది. కొలవడానికి పనికొచ్చే పాత్రే వెలుగుని కప్పేస్తోంది.

సంఘం తన ఊరికి సాక్షిగా ఉండటం ఎలా అని మనలో ఎవరిని అడిగినా కుంచం తీసుకుని బయల్దేరతారు. ఎన్ని కరపత్రాలు పంచాం, ఎన్ని రోజులు ఉజ్జీవ సభలు పెట్టాం, ఈ ఏడు ఎంతమందికి బాప్తిస్మాలు, గుడి మీద ఎన్ని గొట్టాల మైకు. మైకు సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. మా గుడి పక్కింటావిడ ముప్ఫయ్యేళ్ళుగా మాకు పొరుగు. మా సంఘం గురించి మీరేమనుకుంటారమ్మా అని ఒకసారి అడిగాను. కాసేపు ఆలోచించి, "మీ మైకు బాగా వినపడుద్దయ్యా" అంది. ఆవిడ ఎగతాళి చేయలేదు. నిజంగానే ఆవిడకి మా గురించి తెలిసింది అంతే.

ఇక బియ్యం సంగతి.

మా ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ మూటలు గుడికొస్తాయి. ఒకరిది సన్న బియ్యం, ఒకరిది రేషన్ బియ్యం, ఒకరిది కొత్త బియ్యం, ఒకరిది పురుగు పట్టిన పాతవి. అన్నీ ఒకే గోతాంలో కలిసిపోతాయి. కలగలుపు బియ్యం ఒక్క తీరున ఉడకవు. కొన్ని ముద్దవుతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. అందుకే వేలం పెడితే ధర పలకదు. చాలాసార్లు ఆ గోతాం పాస్టరు అయ్యగారి ఇంటికే పోతుంది. పల్లె సంఘాల్లో కాపరి జీతం అనేది చాలాచోట్ల ఈ గోతామే, దీనికి తోడు కానుక పళ్ళెంలోని చిల్లర.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ పెట్టాక, చెరువు అవతల ఇటుక బట్టీలో ఒడిశా కుటుంబాలు ఇరుక్కుపోయాయి. పని ఆగింది, ఊరెళ్ళే దారి లేదు. తలా నాలుగు కేజీలు ఇద్దామని మా సంఘ పెద్దల్లో మాట వచ్చింది. ఇవ్వడం దగ్గర ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా సంచి దగ్గర వచ్చింది. ఒకాయన సంచిలో ఒక కరపత్రం వేద్దామన్నాడు. ఇంకొకాయన సంఘం పేరుతో ఫ్లెక్సీ కట్టి ఫోటో తీయించి పైవాళ్ళకి పంపుదామన్నాడు. తప్పుడు ఉద్దేశంతో అన్న మాటలు కావవి. సువార్త చెప్పకుండా బియ్యం ఇచ్చి వస్తే మనకీ రేషన్ డీలరుకీ తేడా ఏముందని కరపత్రం వేద్దామన్నాయన బాధ. "మనుష్యులు మీ సత్‌క్రియలను చూచి పరలోకమందున్న మీ తండ్రిని మహిమపరచునట్లు వారియెదుట మీ వెలుగు ప్రకాశింపనియ్యుడి" అని మత్తయి 5:16 చదివి కూడా వినిపించాడు.

మా సంఘంలో రిటైరైన పంతులుగారు ఒకరున్నారు. ఆయన ఆ బైబిలే అందుకుని ఒక్క పేజీ తిప్పారు. "నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను." మత్తయి 6:3. అదే కొండ, అదే ప్రసంగం, అదే నోరు. ఒకచోట కనబడనివ్వమంటాడు, ఇంకోచోట సొంత చేతికి కూడా తెలియనివ్వొద్దంటాడు. "ఇప్పుడు చెప్పండి, ఏది వినాలి?" అన్నారు. ఎవరూ చెప్పలేకపోయాం.

ఆయనే కరువు కాలువ కథ ఎత్తుకున్నారు. ఒంగోలు వైపు సంఘాలవాళ్ళం కాబట్టి అది మా తాతముత్తాతల కథే. 1876లో మొదలైన కరువు మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేస్తోంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, మనవాళ్ళ నోట క్లౌ దొర. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే అందులో మూడున్నర మైళ్ళ ముక్క ఆయన కాంట్రాక్టుకి తీసుకున్నాడు. పలుగూ పారా పట్టిందీ, తట్టలు మోసిందీ ఎక్కువగా మాదిగపల్లెల జనం. వాళ్ళ మీద మేస్త్రీలుగా తన బోధకుల్నే పెట్టాడు. మధ్యలో కాస్త సేద తీర్చుకోవడానికి కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీలు చెప్పిన వాక్యం "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి." నెత్తి మీంచి మట్టితట్ట అప్పుడే దించినవాడికి ఆ వాక్యానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

జనం బాప్తిస్మం అడిగారు. గుంపులుగా వచ్చి అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. చేతిలో కూలీ, ధాన్యం ఉన్నంతకాలం, ఏడాదికి పైగా, ఆ తలుపు మూసేసే ఉంచాడు. కాలువ పని అయిపోయి, కరువు సాయం డబ్బు కూడా ఖర్చయ్యాక 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం పోగయ్యారు. ఇక ఇవ్వడానికి కూలీ లేదు, డబ్బూ లేదు. అయినా వచ్చారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో దిగి ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, వంతులవారీగా ఇద్దరేసి.

పంతులుగారు అక్కడ ఆగి అన్నారు, "2,222 మనందరికీ నోటికొచ్చు. దానికి ముందున్న సున్నా ఎవరికీ గుర్తుండదు."

ఆ సున్నాలో ఎంత బిగువు ఉందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అమెరికాలో డబ్బు పంపేవాళ్ళకి లెక్క చూపించాల్సిన మనిషి. బాప్తిస్మాల రిజిస్టరులో ఎంతమంది పేర్లు రాసుకుంటే ఏడాది నివేదిక అంత బరువుగా ఉండేది. అన్నం ఎర అయ్యే ప్రమాదం కళ్ళముందు కనబడింది కాబట్టి కుంచాన్ని పక్కన పెట్టేశాడు. అంత చేసినా మన మీద మాట పడకపోలేదు. బియ్యానికి మారారన్నారు, తర్వాతి కాలంలో గోధుమపిండికీ పాలపొడికీ మారారన్నారు. ఆ మాట అనేవాళ్ళతో నాకో తగువుంది. పేదవాడికి పొట్ట తప్ప మనసు ఉండదని ముందే తేల్చేసుకుంటే తప్ప ఆ మాట నోట రాదు. అన్నం పెట్టిన మనిషిని నీ దేవుడెవరయ్యా అని అడగడం ఆకలి మాట కాదు, తెలివైనవాడి మాట. కానీ ఆ ప్రశ్న అవతలివాడి నోటి నుంచి రావాలి. సంచిలో కరపత్రం పెట్టామంటే, వాడు అడక్కముందే జవాబు వాడి నోట్లో కుక్కినట్టు.

5:16కీ 6:3కీ మధ్య దారి నాకు అక్కడ దొరికింది. వెలిగే దీపాన్ని ఎవరూ తేరి చూడరు. దాని వెలుతురులో గిన్నె ఎక్కడుందో చూసుకుంటారు, బిడ్డ మొహం చూసుకుంటారు, గడప దాటుతారు. "ఇంటనుండువారికందరికి" అన్నాడు ప్రభువు. అందరికి. చుట్టానికొక వెలుగూ కూలివాడికొక వెలుగూ ఉండవు. కనబడాల్సింది క్రియ. కనబడకూడనిది చేసిన చెయ్యి. ఫ్లెక్సీలో సరిగ్గా తిరగేసి ఉంటుంది.

ఆ రోజు కరపత్రమూ ఆగింది, ఫ్లెక్సీ కూడా ఆగింది. సంచులు రెండు ట్రాక్టరు ట్రిప్పుల్లో బట్టీకి పోయాయి. అక్కడి గుమాస్తా అప్పటికే జనాన్ని వరసలో నిలబెట్టి ఉంచాడు, పిల్లల్ని ముందు కూర్చోబెట్టాడు. "ఏ పార్టీ అండీ మీరు?" అన్నాడు. పార్టీ కాదు, గుడి నుంచి వచ్చామన్నాం. సంచులు దించేసి ట్రాక్టరు ఎక్కుతుంటే వెనకాలే వచ్చి, "ఫోటో తీసుకోరా?" అన్నాడు. వద్దన్నాం. నమ్మలేదు. మేం రోడ్డెక్కేదాకా ఆ వరస అలాగే నిలబడి ఉంది. అది చూసి నాకు తల కొట్టేసినట్టయింది. అన్నం తీసుకోవాలంటే ముందు ఫోటోకి నిలబడాలని వాళ్ళకి ఎవరు నేర్పారు?

ఇంత చెప్పి, లోపలి సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. బయటికి బియ్యం ఇవ్వడం తేలిక. ఊరు మనల్ని చూసేది లోపల మనం ఎలా ఉన్నామనే. ఒకే ఊళ్ళో మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి, రెండింట్లోనూ అదే బైబిలు. గుడి స్థలం కోసం కోర్టు వాయిదాలు. క్రిస్మస్ స్టారు ఎంత ఎత్తు కట్టినా ఇవి కనపడకుండా పోతాయా? "మీరు ఒకనియెడల ఒకడు ప్రేమగలవారైనయెడల దీనిబట్టి అందరును మీరు నా శిష్యులని తెలిసికొందురు" అన్నాడు. దీనిబట్టి అన్నాడు, గొట్టం మైకుబట్టి అనలేదు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం నిజానికి ఒక అన్నం గొడవ. గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళకి దినభత్యం సరిగా అందడం లేదని సణుగుడు వచ్చింది. అపొస్తలులు దాన్ని కప్పిపెట్టలేదు. ఏడుగురిని ఏర్పాటు చేశారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... ఏడూ గ్రీకు పేర్లే. అంటే గరిటె తీసుకెళ్ళి ఫిర్యాదు చేసినవాళ్ళ వైపు మనుషుల చేతికే ఇచ్చారు. మన కమిటీల్లో ఇలాంటిది జరగడం నేనింతవరకూ చూడలేదు. ఆ ఏడుగురి మీద చేతులుంచగానే, తర్వాతి వచనం, "దేవుని వాక్యము ప్రబలమై శిష్యుల సంఖ్య యెరూషలేములో బహుగా విస్తరించెను." ఆ పుస్తకం రాసిన లూకా ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టి మాట్లాడకుండా ముందుకెళ్ళిపోయాడు.

మా బియ్యం కథలో ఒక ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది. బట్టీకి పోయిన గోతాలు సంఘానివి అనుకుంటూ వచ్చాం కదా. అవి ఆ నెల అయ్యగారింటికి పోవాల్సినవి. గుడి తలుపులు మూసేసిన రోజులు, కానుక పళ్ళెం కూడా లేదు. మా పెద్దల్లో ఒక్కరికీ అది తోచలేదు. సంచులు కట్టిన రోజు అయ్యగారి భార్య, మా అమ్మగారు, వరండాలో కూర్చుని శేరు డబ్బాతో కొలిచి పోస్తున్నారు. నేను పక్కన నిలబడి పుస్తకంలో గీతలు పెడుతున్నాను. మధ్యలో ఆవిడ చెయ్యి ఆగింది. "అయ్యా, ఎన్నయ్యాయి?" అని అడిగారు. ఇరవై ఏడు అన్నాను. "లెక్క మీరు పెట్టుకోండి, నేను మర్చిపోయా" అంటూ మళ్ళీ కొలత మొదలుపెట్టారు. డబ్బా నిండాక చేత్తో అంచు కొట్టలేదు. ఆ పైన పోగుబడిన గింజల్ని అలాగే సంచిలోకి ఒంపేశారు.