వార్డులో మళ్ళీ మొదలైన పనులు

డిప్రెషన్ ముదిరాక నాకు ముందుగా ఆగిపోయినవి రోజువారీ పనులు. స్నానం చేయాలంటే లేవాలి, తువ్వాలు తీసుకోవాలి, బట్టలు వెతుక్కోవాలి. ఇవన్నీ తలుచుకునేసరికే నీరసం వచ్చి మళ్ళీ పడుకునేదాన్ని. అసలు బతకడం దేనికన్న ఆలోచన కూడా మొదలయ్యాక మా చెల్లి నన్ను హాస్పిటల్లో చేర్పించింది.

అక్యూట్ వార్డుకి జబ్బు బాగా తీవ్రంగా ఉన్నప్పుడే వస్తారు, కాస్త కుదుటపడగానే వెళ్ళిపోతారు. అందుకని అక్కడ అందరి దృష్టీ మందుల మీదా, ప్రమాదం జరగకుండా చూడటం మీదా ఉంటుంది. ఉండాల్సిందే. డిప్రెషన్ మందులు బాగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మనసు తేలికపడకముందే ఒంట్లోకి ఓపిక వస్తే అది మరీ జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. నర్సులు కనిపెట్టుకుని ఉండేది అందుకే. కానీ మందు పనిచేసేదాకా ఆ రోజంతా ఎలా గడవాలి? సాయంత్రాలు మరీ కష్టం. ఖాళీగా కూర్చుంటే తిరిగి తిరిగి అవే ఆలోచనలు.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా సాయపడే ఆవిడ, నా మంచం దగ్గరికే వచ్చారు. బాధ గురించి అడగలేదు. "బాగున్నప్పుడు పొద్దున్నే లేచి ఏం చేసేవారు?" అని అడిగారు. చాలాసేపటికి ఏదో చెప్పాను. ఆవిడ తొందరపెట్టకుండా విన్నారు. "సరే, ఈ పూటకి మొహం కడుక్కుందాం. స్నానం సంగతి రేపు చూద్దాం" అన్నారు. బ్రష్ మీద పేస్టు వేసేదాకా ఆవిడ సాయం, మిగతాది నేను. మర్నాడు ఆ పేస్టు కూడా నన్నే వేసుకోమన్నారు.

తర్వాత ఒకరోజు థెరపీ గదిలో నా చేతికి అంచుల వెంట రంధ్రాలున్న తోలు ముక్క ఇచ్చారు. అమెరికాకి చెందిన క్లాడియా ఆలెన్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ తయారుచేసిన పరీక్ష అది. మొదట మామూలు కుట్టు: తాడుని పై నుంచి కిందికి, కింద నుంచి పైకి పోనివ్వాలి. అది వచ్చింది. తర్వాత అంచు చుట్టూ తిప్పి కుట్టేది. మూడో కుట్టు దగ్గర తాడు మెలిపడింది. మెలిపడిందని కనిపిస్తోంది, కానీ వెనక్కి తీయాలన్న ఆలోచన రావడం లేదు. దాన్నలా చూస్తూ ఉండిపోయాను. ఆవిడ పక్కన కూర్చుని, ఎక్కడ ఆగుతున్నానో, చెబితే అందుకుంటున్నానా, చూపిస్తే గాని రావడం లేదా అన్నది గమనించి రాసుకున్నారు. ఇంటికి వెళ్ళాక మనిషి ఎంతవరకు పక్కన ఉండాలి, పొయ్యి దగ్గర ఒంటరిగా వదలొచ్చా, మందులు తనంతట తను వేసుకోగలదా, ఇలాంటివి తేల్చడానికి ఆ రాతలు పనికొస్తాయి. డాక్టర్లతో జరిగే మీటింగుకి కూడా అవే వెళ్తాయి. నన్ను చూడటానికి వచ్చిన చుట్టమొకాయన ఇదంతా కాలక్షేపం అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చదు. "బాగానే ఉన్నాను" అని నోటితో అబద్ధం చెప్పగలిగేదాన్ని, చేతులతో చెప్పలేకపోయాను.

అదే గదిలో మేనియాతో, అంటే ఉత్సాహం, హడావుడి అదుపు తప్పిన స్థితిలో, ఉన్న ఒక కుర్రాడు ఉండేవాడు. ఒక బొమ్మ పూర్తికాకుండానే ఇంకోటి మొదలుపెట్టేవాడు. అతనికి రెండే రంగులు, చిన్న కాగితం ఇచ్చి, ఇది అయ్యాకే ఇంకోటి అనేవారు. చెవిలో మాటలు వినిపించే ఒకావిడ పూసలు గుచ్చుతుంటే ఆ మాటల హోరు తగ్గుతుందనేది. పైకి అందరివీ చేతిపనులే. ఎవరికి ఏది, ఎంత, ఎందుకు అన్న లెక్క మాత్రం వేరు. సెషన్ అయ్యాక కత్తెరలూ సూదులూ లెక్కపెట్టి పెట్టెలో పెట్టేదాకా ఎవరూ కదలకూడదు. ఆ జాగ్రత్త నాకు ధైర్యంగా అనిపించేది.

కొంచెం కోలుకున్నాక నాతో రోజుకొక టైంటేబుల్ రాయించారు. పని, సరదా, విశ్రాంతి, నిద్ర, ఈ నాలుగూ అందులో ఉండి తీరాలి. మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ 1922లో రాసిన వ్యాసంలో కూడా సరిగ్గా ఈ నాలుగింటి సమతుల్యం గురించే ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇన్నేళ్ళ కిందటే తెలిసిన సంగతిని ఇప్పటికీ చాలాచోట్ల "స్టాఫ్ ఉంటే చూద్దాం" అన్నట్టు వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. మనిషి కుదుటపడ్డాకే థెరపీ అనకుండా, చేరిన మొదటి రోజుల్లోనే మొహం కడుక్కోవడమంత చిన్న పనితో మొదలుపెట్టొచ్చు.

డిశ్చార్జికి ముందు వార్డు వంటగదిలో టీ పెట్టించారు. స్టవ్ ఆపడం మర్చిపోలేదు. ఉద్యోగానికి మొదట ఒక్కపూటే వెళ్ళాలని ఆఫీసుకి ఉత్తరం ఇచ్చారు. జబ్బు తిరగబెడుతుంటే ముందు కనిపించే గుర్తులేమిటో నన్నూ చెల్లినీ కూర్చోబెట్టి రాయించారు. స్నానం వాయిదా వేయడం, ఫోన్ ఎత్తకపోవడం, పొద్దుపోయేదాకా మంచం దిగకపోవడం నా గుర్తులు.

ఆ తర్వాత ఒకసారి నేను వరుసగా స్నానం మానేస్తున్నానని చెల్లి కనిపెట్టి, నన్ను అడిగి డాక్టరుకి ఫోన్ చేసింది. డోసు మార్చారు, టైంటేబుల్ మళ్ళీ చిన్న పనులతో మొదలుపెట్టాం. ఆసారి హాస్పిటల్లో చేరాల్సిన అవసరం రాలేదు.