షెవర్లే సమాధి కోసం మూడు శనివారాలు

నాన్న తెనాలిలో తొమ్మిదేళ్ళు షెవర్లే కంపెనీ తవేరా కారు నడిపాడు. పెళ్ళి కిరాయిలు, తిరుపతి ట్రిప్పులు, అర్ధరాత్రి గుంటూరు ఆసుపత్రికి పరుగులు, అన్నీ ఆ బండి మీదే. ఏటా దసరాకి బండి కడిగి, ముందున్న ఆ బంగారు రంగు గుర్తుకి పసుపు రాసి, ఉంగరం వేలితో బొట్టు పెట్టేవాడు. నా ఇంజినీరింగ్ ఫీజులు కట్టింది ఆ బండే. మోకాళ్ళ నొప్పులు ఎక్కువై దాన్ని అమ్మేసిన రోజు ఆయన అన్నం తినలేదు.

పోయిన వేసవిలో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద అమెరికాలో, ఇండియానాపోలిస్‌లో ఉన్న మా దగ్గరికి వచ్చారు. మూడో రోజే, సిగ్నల్ దగ్గర ముందు ఆగిన ట్రక్కు మీద ఆ గుర్తు చూసి, "ఒరే, మన బండి గుర్తు! ఇంతకీ షెవర్లే అంటే మనిషి పేరా, ఊరి పేరా?" అని అడిగాడు. మనిషి పేరేనని చెప్పాను. అంతకుమించి నాకూ తెలీదు. ఆ రాత్రి కూర్చుని వెతికితే, లూయీ షెవర్లే సమాధి మేముండే ఊళ్ళోనే ఉందని తేలింది. ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, ఎప్పుడూ వినలేదు. పొద్దున్నే చెప్తే నాన్న ఒకటే మాటన్నాడు: "చూసొద్దాం పద."

అమ్మకి మాత్రం అస్సలు నచ్చలేదు. "వెళ్తే వెళ్ళండి, తలస్నానం చేయకుండా గడప తొక్కనివ్వను" అంది. మూడు శనివారాలూ ఆ మాట మీదే నిలబడింది.

ఇదంతా రాస్తున్నది ఎందుకంటే, మనవాళ్ళు ఎవరైనా ఈ ఊరొస్తే రేస్ ట్రాక్ చూసి వెళ్ళిపోతారు. ఆ ట్రాక్ కట్టినవాళ్ళు ఎక్కడున్నారో ఎవరూ చెప్పరు. ఇక్కడి కార్ల మనుషుల గురించి ఏం చదివినా క్రౌన్ హిల్ శ్మశానం పేరే వస్తుంది. అందుకని షెవర్లే కూడా అక్కడే ఉంటాడని నేననుకున్నాను. సరిగ్గా చదవకుండా అనుకోవడమే నా తప్పు, దాంతో ఒక శనివారం పూర్తిగా పోయింది.

క్రౌన్ హిల్ 1863లో మొదలైంది. విస్తీర్ణం 555 ఎకరాలు. మన వైపు ఒక ఊరి పొలమంతా కలిపితే అంత ఉంటుందేమో. మధ్యలో నుంచి 38వ వీధి పోతుంది, ఇటు భాగం నుంచి అటు భాగానికి ఆ రోడ్డు కింద దారి ఉంది. రెండు లక్షల మందికి పైగా అక్కడ ఉన్నారు. అలాంటి చోట పేరు ఒక్కటే పట్టుకుని తిరగడం అయ్యే పని కాదు. మేం మొదటి శనివారం చేసింది అదే. ఎండలో రెండు గంటలు తిరిగాం. జింకలు కనిపించాయి, అమెరికా అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సమాధి కనిపించింది, కార్లవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. నాన్న మోకాలు పట్టేసింది, చెట్టు కింద కూలబడ్డాడు. తీసుకొచ్చి ఇబ్బంది పెట్టానే అని నాకు టెన్షన్. ఆయన మాత్రం మంచినీళ్ళు తాగి, "అడ్రస్ లేకుండా కిరాయికి ఎవడన్నా బయల్దేరతాడట్రా?" అన్నాడు.

నిజమే. ఆ రాత్రి పని పద్ధతిగా మొదలుపెట్టాను. శ్మశానం వెబ్‌సైట్‌లో పేరు కొడితే సెక్షన్ నంబరు, లాట్ నంబరు వస్తాయి. ఇంటిపేరు స్పెల్లింగ్ ఒక్క అక్షరం తేడా వచ్చినా దొరకదు. చనిపోయిన సంవత్సరం ముందే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఒకే పేరున్నవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ నంబర్లు మ్యాప్ మీద గుర్తు పెట్టుకుని, దగ్గరదగ్గరగా ఉన్నవి ఒక వరుసలో వేసుకోవాలి. లోపలి రోడ్ల మీద కారులోనే వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి అదే మేలు. గేట్లు ఎప్పుడు మూస్తారో ముందే చూసుకోండి. ఇదంతా చేస్తున్నప్పుడే షెవర్లే పేరు ఆ జాబితాలో లేదని తెలిసింది. నాన్నకి చెప్పాను. "మిగతావాళ్ళని చూద్దాం, ఆయన్ని తర్వాత వెతుకుదాం" అన్నాడు.

రెండో శనివారం కాగితం చేతిలో పట్టుకుని వెళ్ళాం.

ముందు కార్ల్ ఫిషర్. ఆయనది కుటుంబమంతటికీ కలిపి కట్టిన సమాధి మందిరం. సైకిళ్ళ కొట్టుతో మొదలైన మనిషి. తొలినాళ్ళ కార్లకి రాత్రిపూట దారి చూపించే దీపాలు సరిగ్గా ఉండేవి కావు. ఎసిటిలిన్ గ్యాస్‌ని సిలిండర్లలో నింపి, కారు దీపాలకి అమ్మే ప్రెస్ట్-ఓ-లైట్ కంపెనీని జేమ్స్ ఆలిసన్‌తో కలిసి నడిపి, ఇద్దరూ బాగా సంపాదించారు. ఆ ఇద్దరూ, ఆర్థర్ న్యూబీ, ఫ్రాంక్ వీలర్ కలిసి 1909లో ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే కట్టారు. నలుగురూ క్రౌన్ హిల్‌లోనే ఉన్నారు. మొదట కంకర, తారుతో వేసిన ట్రాక్ కార్ల వేగానికి లేచిపోయింది. ఆ ఆగస్టులో జరిగిన రేసుల్లోనే ఐదుగురు చనిపోయారు. తర్వాత 32 లక్షల ఇటుకలు పరిచారు. ఇప్పటికీ ఫినిష్ లైన్ దగ్గర ఒక గజం వెడల్పున ఆ ఇటుకలు అలాగే ఉంచారు. ఫిషర్ తర్వాత మయామీ బీచ్‌ని ఊరుగా మార్చాడు, 1926 తుపానులోనూ 1929 షేర్ మార్కెట్ పతనంలోనూ ఉన్నదంతా పోగొట్టుకున్నాడు, 1939లో అక్కడే చనిపోయాడు. కొన్నేళ్ళ తర్వాత ఆయన్ని ఈ ఊరికి తెచ్చారు. ఇదంతా చెప్తుంటే నాన్న ఆ మందిరం తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. హెడ్‌లైట్ పోయిన రాత్రి శ్రీశైలం ఘాట్ దిగడం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

హ్యారీ స్టట్జ్ దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. 1911లో మొట్టమొదటి 500 మైళ్ళ రేసు కోసం ఐదు వారాల్లో కారు తయారుచేసి, నేరుగా ట్రాక్ మీదికి తెచ్చిన మనిషి. పదకొండో స్థానం వచ్చింది. కొత్త కారు ఆగిపోకుండా ఆఖరిదాకా పరుగెత్తింది కాబట్టి, ఒక్కరోజులో పేరు తెచ్చుకున్న కారు అని చెప్పుకుని అమ్మాడు.

నాన్నని కదలకుండా నిలబెట్టింది ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్. జర్మనీలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, తమ్ముడు ఆగస్ట్‌తో కలిసి కార్లు కట్టాడు. వాళ్ళ కారు 1921లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ అనే రేసు గెలిచింది. 1924, 1925, 1927లో ఈ ఊరి రేసూ గెలిచింది. మన ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ దగ్గర కూడా ఒక డ్యూసెన్‌బర్గ్ ఉండేది. నాన్నకి ఇవేవీ పట్టలేదు. 1921లో అమ్మకానికి పెట్టిన కారుకి నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టారని చెప్పినప్పుడు మాత్రం, "నాలుగిటికీనా? అంతకుముందు?" అని ఆగిపోయాడు. చాలా బండ్లకి వెనక చక్రాలకే, అదీ కడ్డీలతో లాగే బ్రేకులు అని చెప్పాను. కొండ దారిలో నిండు బండితో దిగడమంటే బ్రేకుని నమ్ముకోవడమే అన్నాడు. ఆ ఫ్రెడ్ కూడా పెన్సిల్వేనియాలో కొండ రోడ్డు మీద కారు బోల్తాపడి, కొన్ని వారాలకి, 1932 జూలైలో, న్యుమోనియాతో పోయాడు. అది విని నాన్న చేతులు జోడించాడు.

షెవర్లే కోసం మళ్ళీ వెతికితే ఆయన ఊరికి దక్షిణాన ఉన్న హోలీ క్రాస్ అండ్ సెయింట్ జోసెఫ్ అనే క్యాథలిక్ శ్మశానంలో ఉన్నాడని తేలింది. క్రౌన్ హిల్ ఊరికి ఉత్తరం వైపు, ఇది ఇంకో వైపు. ఈసారి తొందరపడలేదు. సమాధి ఉన్న చోటు ముందే గుర్తుపెట్టుకుని మూడో శనివారం వెళ్ళాం. క్రౌన్ హిల్‌లాంటి కొండలు, మందిరాల హడావుడి ఇక్కడ లేదు. పక్క సమాధికి ఎవరో ముసలావిడ పూలు మారుస్తోంది. మమ్మల్ని చూసి తలూపి తన పని తాను చేసుకుంది.

కారులో వస్తూ దారంతా నాన్నకి ఆయన కథ చెప్పాను. 1878లో స్విట్జర్లాండ్‌లో పుట్టాడు. మెకానిక్, పైగా గొప్ప రేసు డ్రైవరు. 1911లో విలియం డ్యురాంట్‌తో కలిసి తన పేరు మీద కంపెనీ పెట్టాడు. ఆయనకి నాణ్యమైన పెద్ద కారు కట్టాలని, డ్యురాంట్‌కి అందరూ కొనగలిగే చవక కారు అమ్మాలని. కుదరలేదు, బయటికి వచ్చేశాడు. పేరు మాత్రం కంపెనీకే ఉండిపోయింది. తర్వాత కట్టిన కార్లకి ఫ్రాంటెనాక్ అని వేరే పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. ఈ ఊరి 500 మైళ్ళ రేసులో నాలుగుసార్లు పోటీ చేశాడు, గెలవలేదు. 1920లో గెలిచింది తమ్ముడు గాస్టన్, అన్న కట్టిన కారుతో. అదే ఏడాది నవంబరులో కాలిఫోర్నియాలో రేసు చేస్తూ గాస్టన్ చనిపోయాడు. ఆ తమ్ముడూ ఇదే శ్మశానంలో ఉన్నాడు.

"మరి చివర్లో ఏం చేశాడు?" అని నాన్న అడిగాడు.

డబ్బంతా పోయి, తన పేరున్న కంపెనీ ఫ్యాక్టరీలోనే మెకానిక్‌గా పనిచేశాడని, 1941లో పోయాడని చెప్పాను. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఇక దారిలో మాట్లాడలేదు.

సమాధి దగ్గరికి రాగానే బూట్లు విప్పి పక్కన పెట్టాడు. గడ్డి కోసిన తుక్కు రాయి మీద పడి ఎండిపోయి ఉంది. జేబురుమాలు తీసి ఒక్కో అక్షరం సందులోంచీ దాన్ని దులిపాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయన కూడబలుక్కుని చదువుతాడు. ఈ పేరు మాత్రం ఆగకుండా చదివాడు, తొమ్మిదేళ్ళు రోజూ చూసిన పేరు కదా. కుంకుమ తెచ్చుకోలేదు, తెచ్చినా అక్కడ పెట్టేవాడు కాదు. మొదటి అక్షరం మీద ఉంగరం వేలు ఒకసారి ఆనించి తీసి, కళ్ళకద్దుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గరాజ్ ముందు రెండు బకెట్ల నీళ్ళు, తువ్వాళ్ళు పెట్టి నిలబడి ఉంది. "దొరికాడా ఆయన?" అని అడిగింది.

"దొరికాడు. మెకానిక్కే" అన్నాడు నాన్న, చెంబు అందుకుంటూ.