బోటుతో పాటు తూకమూ దాటాలి

విశాఖ పెద జాలరిపేట ఒడ్డున లాగిపెట్టిన ఫైబర్ బోట్లు చూస్తే ఇవి ఎప్పటినుంచో ఇక్కడివే అనిపిస్తాయి. కానీ వీటి వెనక ఇరుగుపొరుగు దేశాల శ్రమ చాలా ఉంది. 1979లో మద్రాసు కేంద్రంగా, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఆధ్వర్యంలో, ప్రధానంగా స్వీడన్ సాయంతో బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం మొదలైంది. హార్బరు లేనిచోట, అలలు విరిగే ఇసుక మీదికి నేరుగా వచ్చి ఆగే బోటు కోసం అందులో ఏళ్ల తరబడి పనిచేశారు. ఒడ్డు దగ్గర బోటుని నెట్టే ఫ్యాన్ (ప్రొపెల్లర్) ఇసుకకు కొట్టుకుని విరిగిపోకుండా, దాన్ని తిప్పే షాఫ్టుతో సహా పైకి లేపే ఏర్పాటు ఆ పనిలోదే. 2003లో అది బంగ్లాదేశ్, భారత్, మాల్దీవులు, శ్రీలంక ఉమ్మడి సంస్థ అయింది.

దేశాల మధ్య ఇలాంటి సాయంలో బోటు డ్రాయింగు తేలిగ్గానే చేతులు మారుతుంది. అచ్చు కూడా ఓడెక్కి వెళ్లిపోతుంది. వెనకబడిపోయేది రెసిన్ని, అంటే గాజుపోగుని అంటించి గట్టిపడే జిగురుని, కలిపే చెయ్యి. 2004 సునామీ తర్వాత తొందరలో పంచిన బోట్లలో నాసిరకంవి ఎన్నో ఉన్నాయి. ఎన్ని బోట్లు ఇచ్చామన్న లెక్క మీదున్న శ్రద్ధ, యార్డులో తూకం ఉందా లేదా అన్నదాని మీద లేకపోతే జరిగేది అదే.

ఆ తూకం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మ్యాట్, అంటే గాజుపోగుల పరుపు, కిలో అయితే రెసిన్ రెండుంపావు నుంచి రెండున్నర కిలోలు. ఎక్కువ పోస్తే బోటుకి బలం పెరగదు, బరువెక్కి పెళుసవుతుంది. తక్కువైతే గాజుపోగు తడవక తెల్లమచ్చలు పడతాయి, నీళ్లు అక్కడినుంచే ఎక్కుతాయి. కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రావణం) ముందే కలిపి ఉన్న రెసిన్‌కి హార్డ్‌నర్, అంటే దాన్ని గట్టిపరిచే మందు, నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు. మన ఎండలకి ఒకటి చాలు, అంటే కిలోకి పది గ్రాములు. ఒకేసారి కిలో, కిలోన్నర మించి కలపకండి. బకెట్‌లోనే వేడెక్కి గడ్డకడుతుంది. కోబాల్ట్‌ని, హార్డ్‌నర్‌ని మాత్రం ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు, పేలుతుంది. కొత్తవాళ్లకి మొదటిరోజే, వాళ్ల భాషలోనే ఈ మాట చెప్పాలి.

అచ్చులో ముందుగా పూసే పైపూత, అంటే జెల్‌కోట్, అర మిల్లీమీటరు ఉండాలి. బాగా పలచనైతే పై రెసిన్ తాకగానే ముడతలు పడుతుంది, మందమైతే పగుళ్లు వస్తాయి. దాని వెనక మొదటి పొరకి చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మ్యాట్ వేస్తే గాలిబుడగలు రోలర్‌తో తేలిగ్గా బయటికొస్తాయి, ఆ తర్వాతే 450 వెయ్యాలి. నాలుగైదు పొరలు ఒక్కపూటలో వేసేస్తే లోపలి వేడికి బోటు వంకరపోతుంది. వానాకాలం మ్యాట్ కట్టలని పాలిథీన్ విప్పకుండా, నేలకి తగలకుండా ఎత్తు మీద పెట్టుకోవాలి. ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. తేలడానికని పెట్టే థర్మోకోల్ మీద రెసిన్ పడితే అది కరిగిపోయి లోపల బోలు మిగులుతుంది. పాలియురెథేన్ ఫోమ్ వాడాలి, లేకపోతే థర్మోకోల్‌ని పాలిథీన్‌తో గట్టిగా చుట్టాలి.

మరమ్మతుదీ ఇదే వరస. ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్నచోట చిల్లుపడితే, చుట్టూ డెబ్బై మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా గ్రైండ్ చేసి, మంచినీళ్లతో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరాకే కొత్త పొరలు వెయ్యాలి. తడిమీద వేసిన అతుకు తొలి సీజన్‌లోనే ఊడొస్తుంది.

అన్ని ఒడ్లకీ ఒకే బోటు పనికిరాదు. మన దగ్గర అలల పోటుకి, ఇసుక రాపిడికి కీల్ (బోటు అడుగున పొడుగునా ఉండే వెన్ను) కింద అదనపు పొరలు కావాలి. బంగ్లాదేశ్‌లో పోటుపాట్ల తేడా ఎక్కువ, బురద నేల. మాల్దీవుల్లో పగడపు దిబ్బల లోపలి నీళ్లు నిలకడగా ఉంటాయి. కొలతలు వాళ్లవే ఉండాలి, కలిపే క్రమం మాత్రం అంతటా ఒకటే.

అందుకే దాతల డబ్బు సెమినార్ హాలు కంటే యార్డుకి చేరడం మంచిదని నా గట్టి నమ్మకం. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. పొరుగుదేశం నుంచి నలుగురు పనివాళ్లు ఆ సమయంలో విశాఖ వచ్చి ఒక బోటు మొదలుపెట్టి పూర్తిచెయ్యవచ్చు. ఎండ ముదిరే రోజులు కాబట్టి పొరలు తెల్లవారుజామునే వెయ్యాలి. తర్వాత ఇక్కడి మేస్త్రీ అక్కడికి వెళ్లి, వాళ్లకి దొరికే రెసిన్‌తోనే రెండో బోటు కట్టించాలి. ఖర్చు రాసేటప్పుడు రెండు డిజిటల్ కాటాలు, రోలర్లు, మాస్కులు మర్చిపోకండి.

నాణ్యత చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. నీళ్లు పోయే కన్నం కోసినప్పుడు వచ్చే ముక్కని తూచి, కొలిమిలో రెసిన్ కాలిపోయేదాకా ఉంచి, మిగిలిన గాజుని మళ్లీ తూస్తే చాలు. మ్యాట్ బోటుకి గాజు మొత్తం బరువులో దాదాపు ముప్పై శాతం రావాలి. ఆ రెండు అంకెలూ బోటు నంబరు పక్కన రాసి, బోటుతో పాటే పంపాలి.