శనివారం పొద్దున క్లాసు

ఇక్కడ ఉండనిచ్చిన ఆరు నెలలూ అయిపోయి అమ్మ డిసెంబరులో ఇండియా వెళ్లిపోయింది. అమెరికాలో మేముండే మిన్నెసోటా రాష్ట్రంలో డిసెంబరంటే సాయంత్రం నాలుగున్నరకే చీకటి. పాపకి అప్పటికి రెండేళ్లు నిండి రెండు నెలలు. పొద్దున డేకేర్‌లో దింపడం, సాయంత్రం తెచ్చుకోవడం, దాన్ని నిద్రపుచ్చి మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చోవడం. అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ఏదో ఒకటి వాగుతూ తిరిగిన పిల్ల ఒక్కసారిగా మాట తగ్గించేసింది.

డేకేర్‌లో ఒకామె, "రెండు భాషలతో పాప తికమక పడుతోంది, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అంది. నమ్మాను. పాలు తాగమని కూడా ఇంగ్లీషులోనే చెప్పేదాన్ని. నా గొంతు నాకే పరాయిదానిలా ఉండేది. వీడియో కాల్‌లో అమ్మ, "ఏమే, దాంతో తెలుగు మానేశావా?" అని అడిగిన రోజు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

మా ఊరి బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ల కమ్యూనిటీ ఎడ్యుకేషన్ పుస్తకం, అంటే వాళ్లు అందరికీ పెట్టే క్లాసుల జాబితా, పోస్టులో వచ్చేది. ఎప్పుడూ తెరవకుండానే పారేసేదాన్ని. ఆ జనవరిలో ఎందుకో తిరగేశాను. ఈత, పెద్దవాళ్లకి ఇంగ్లీషు, వాటి మధ్యలో 'ఎర్లీ చైల్డ్‌హుడ్ ఫ్యామిలీ ఎడ్యుకేషన్', అంటే చిన్నపిల్లలూ తల్లిదండ్రులూ కలిసి వెళ్లే క్లాసు. పుట్టినప్పటి నుంచి కిండర్‌గార్టెన్‌లో చేరేదాకా పిల్లలున్న ఎవరైనా రావచ్చు. ఫీజు ఆదాయాన్ని బట్టి. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం కాబట్టి మేం కట్టాం. అదే క్లాసులో భర్త ఉద్యోగం పోయిన ఒకావిడ ఏమీ కట్టలేదు, ఆ సంగతి ఎవరూ ఎత్తనూ లేదు. ఫారంలో వీసా గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. ఆ టెన్షన్ అక్కడే తీరిపోయింది.

క్లాసులో మొదటి సగం తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆడుకోవాలి. తర్వాత పిల్లలు వాళ్ల టీచర్‌తో ఉంటే, మనం పక్క గదిలో ఇంకో టీచర్ దగ్గర కూర్చోవాలి. మొదటి వారం పాప నా కాళ్లు పట్టుకుని వదల్లేదు. పాప చూడకుండా జారుకోబోయాను, ఇంట్లోనూ అదే చేసేదాన్ని. టీచర్ ఆపింది. "చెప్పకుండా వెళ్లొద్దు. వస్తానని చెప్పి వెళ్లండి, చెప్పినట్టే రండి" అంది. మెడలో స్కార్ఫ్ తీసి పాప చేతికివ్వమంది. మూడో వారానికి స్కార్ఫ్ ఇంకా దాని చేతిలోనే ఉంది, ఏడుపు మాత్రం లేదు.

పక్క గదిలో నా బాధ బయటపెట్టాను. టీచర్ కాగితం ఇచ్చి, పాప అనే మాటలన్నీ రెండు భాషల్లోవీ కలిపి రాయమంది. అమ్మ, పాలు, బువ్వ, దా, వద్దు, అయిపోయింది, బాల్, షూ, మోర్... ముప్ఫై ఒకటి వచ్చాయి. "రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, మీ దగ్గర పాప వినాల్సింది అదే" అంది. అక్కడితో వదిలేయకుండా, 'హెల్ప్ మీ గ్రో'కి ఫోన్ చేయించింది. మాటలో, నడకలో, వినికిడిలో అనుమానం ఉంటే పిల్లల్ని ఉచితంగా పరీక్షించే ఏర్పాటు అది. డాక్టర్ చీటీ అక్కర్లేదు, తల్లే ఫోన్ చేయొచ్చు. వాళ్లు ఇంటికొచ్చి చూశారు. ఆ తర్వాత కొన్ని నెలలు ఒకామె వారం వారం వచ్చి నేల మీద కూర్చుని దాంతో ఆడింది. పైసా తీసుకోలేదు. టీచర్ ఆ మాట చెప్పిన రోజు రాత్రి నుంచే పాపతో మళ్లీ తెలుగు మొదలుపెట్టాను, కడుపు నిండా మాట్లాడాను.

క్లాసుకి ఒక తాతగారు మనవణ్ని తీసుకొచ్చేవారు. ఆ పిల్లాడి తల్లి చిన్నప్పుడు ఆమెను కూడా ఈ క్లాసులకే తెచ్చారట. 1974లో కొన్నిచోట్ల ప్రయోగంగా పెట్టిన ఈ కార్యక్రమం 1984 తర్వాత రాష్ట్రమంతా పాకింది. అన్నేళ్లుగా ఇక్కడివాళ్లు వాడుకుంటున్న దాన్ని నేను చెత్తబుట్టలో వేశానే అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే ఆఫీసులో ఎవరికి బిడ్డ పుట్టినా ఆ పుస్తకంలో పేజీ మడతపెట్టి ఇస్తున్నాను. పోయిన శనివారం మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయికి తోడుగా వెళ్లాను. తలుపు దగ్గర ఆమె ఏడాదిన్నర బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆమె బెదిరిపోయి నావైపు చూసింది. నీ స్కార్ఫ్ తీసి ఇవ్వమ్మా అని సైగ చేశాను.