ఏఐ కొనేముందు బిల్లుల కట్ట ముందేసుకోండి

బెంగళూరు పారిశ్రామిక వాడలైన పీణ్యలోనో బొమ్మసంద్రలోనో ఓ మాదిరి మెషిన్ షాపు ఓనర్లను కదిలిస్తే ఈమధ్య ఒకటే మాట: "మేమూ ఏఐ పెడదామనుకుంటున్నాం, ఏది కొనమంటారు?" ఏది కొనాలన్నది చివర్లో తేలాల్సిన సంగతి. ముందు తేల్చుకోవాల్సింది, ఏ పనిలో తప్పు జరిగితే తక్కువ ఖర్చుతో పట్టుకోగలం అన్నది.

ఎక్కువ టైము తినే పనిని ఏఐకి అప్పజెప్పాలని చాలామంది అనుకుంటారు. కానీ తప్పు పట్టుకోవడానికి మళ్ళీ ఆ పని మొత్తం చేయాల్సివస్తే మిగిలేదేమీ లేదు. కస్టమర్ డ్రాయింగ్ చూసి కొటేషన్ వేయడం అలాంటి పనే. ఒక్క టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) తప్పు చదివితే రేటు మారిపోతుంది, ఆ సంగతి తెలియాలంటే అనుభవమున్న మనిషి డ్రాయింగ్‌ను మొదటినుంచీ చూడాల్సిందే. కొనుగోలు బిల్లుల ఎంట్రీ అలా కాదు. బిల్లులో ఒక అంకె తప్పయితే ఇంకో అంకె దాన్ని పట్టిస్తుంది. అందుకే మొదట దీన్ని పట్టుకోమంటాను.

దానికో గురి కూడా ఉండాలి. "ఏఐ వాడుతున్నాం" అనేది గురి కాదు. "సరుకు దిగిన రెండు పనిదినాల్లో బిల్లు టాలీలో (అకౌంట్స్ సాఫ్ట్‌వేరులో) పడాలి" అనేది గురి. ఎందుకు రెండు రోజులంటే, మీకు సరఫరా చేసే సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. గడువు దాటి, మార్చి నెలాఖరుకీ ఇవ్వకపోతే ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, దాని మీద పన్ను కట్టాలి. గడువు లెక్క సరుకు అందినప్పటినుంచే నడుస్తుంది, బిల్లు మీ డ్రాయర్లోంచి బయటికి వచ్చిన రోజునుంచి కాదు. పైగా ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బీ (సప్లయర్లు మీ పేరిట చూపించిన బిల్లుల జాబితా) తయారవుతుంది. అప్పటికి బిల్లులన్నీ ఎక్కి ఉంటే, ఏ సప్లయర్ తన రిటర్న్‌లో మీ బిల్లు చూపించలేదో ఆ రోజే తెలుస్తుంది, ఫోన్ చేసి అడగొచ్చు. లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ళ మీద కట్టిన జీఎస్టీని మీ పన్నులో తగ్గించుకునే వీలు) ఆగిపోయిన సంగతి నెలలు గడిచాక బయటపడుతుంది.

ఏఐ తెచ్చే ముందు రెండు వారాలు ఇప్పుడున్న పద్ధతినే కొలవండి. బిల్లు గేటు దాటిన తేదీ, టాలీలో ఎక్కిన తేదీ, తర్వాత దిద్దాల్సి వచ్చిందా, ఈ మూడూ ఒక ఎక్సెల్ షీట్‌లో రాయిస్తే చాలు. చాలా చోట్ల ఇక్కడే అసలు సంగతి తెలుస్తుంది. ఆలస్యం టైపింగ్‌లో ఉండదు. స్టోర్స్ నుంచి జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే చీటీ) రాక బిల్లు ఆగి ఉంటుంది. అలాంటప్పుడు ఏఐ కొన్నా ప్రయోజనం లేదు, స్టోర్స్ సూపర్‌వైజర్‌తో కూర్చుని మాట్లాడితే పనవుతుంది.

తర్వాత, ఏఐ అక్కర్లేని బిల్లుల్ని పక్కన పెట్టండి. వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన సప్లయర్లు ఇతర వ్యాపారాలకు ఇచ్చే బిల్లు ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన బిల్లు) అయి ఉండాలి. దాని మీదున్న క్యూఆర్ కోడ్‌లో ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ అన్నీ ఉంటాయి. దాన్ని స్కానర్ నేరుగా చదివేస్తుంది. ఊహించడమనేదే లేని చోట ఊహించే యంత్రాన్ని ఎందుకు పెట్టాలి? ఏఐకి మిగిలేవి చిన్న ప్లేటింగ్ షాపులు, హీట్ ట్రీట్‌మెంట్ వాళ్ళు, జాబ్‌వర్క్ వాళ్ళు ఇచ్చే బిల్లులు.

ఆ మిగిలినవాటిలో, ఇప్పటికే సరిగ్గా ఎంట్రీ అయిన పాత బిల్లులు 200 తీయండి. వాటిని ఏఐతో చదివించి, ఉన్న ఎంట్రీలతో పోల్చి పరీక్షించాలి. శుభ్రమైన పీడీఎఫ్‌లు ఏరుకుంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. కార్బన్ కాపీలు, రంగు వెలిసిన కాటా చీటీలు, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు కూడా ఉండాలి. వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది కాబట్టి ఇకమీదట డాక్యుమెంట్‌గా పంపమని సప్లయర్లకు చెప్పండి. మీ దగ్గర స్కాన్ చేసేవి 300 డీపీఐలో చేయండి. ఇంకో చిన్న విషయం, గేటు దగ్గర వేసే ఇన్‌వార్డ్ సీలు. అది సరిగ్గా బిల్లు నంబరు మీద పడుతుంది, నీలం సిరా కింద 8 కాస్తా 3 లా కనిపిస్తుంది. సీలు బిల్లు వెనకవైపు వేయమని సెక్యూరిటీకి చెబితే, ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేని తలనొప్పి తీరుతుంది.

అమ్మేవాళ్ళు "98 శాతం కరెక్ట్" అంటారు. దేనిలో 98 అని అడగండి. ఒక బిల్లులో పది గడులుండి, ఒక్కో గడి 98 శాతం సరిగ్గా వస్తే, పదికి పదీ సరిగ్గా ఉండే బిల్లులు వందలో సుమారు 82 మాత్రమే. మిగతా 18లో ఎక్కడో ఒక చోట తప్పుంటుంది. అందుకే గడుల లెక్క కాదు, తప్పే లేని బిల్లుల లెక్క చూడాలి.

చదవడం ఏఐ పని, సరిచూడటం మామూలు ఎక్సెల్ సూత్రాల పని. ఈ విభజన దగ్గర మాత్రం రాజీపడకండి. పన్నుకు ముందు మొత్తాన్ని పన్ను రేటుతో గుణిస్తే పన్ను రావాలి. పరిమాణం, రేటు గుణిస్తే ఆ వరుస మొత్తం రావాలి. సప్లయర్ జీఎస్టీ నంబరు 29తో (కర్ణాటక కోడ్) మొదలైతే మామూలుగా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలు) రెండూ ఉండాలి. హిందూపురం సప్లయర్ నంబరు 37తో (ఆంధ్రప్రదేశ్ కోడ్) మొదలవుతుంది, ఆ బిల్లు మీద ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల జీఎస్టీ) ఉండాలి. జీఎస్టీ నంబరులోని 15 అక్షరాల్లో చివరిది చెక్ అక్షరం. ముందున్న 14లో ఏ ఒక్కటి తప్పు చదివినా అది సరిపోదు, సున్నాకూ 'ఓ'కూ మధ్య పొరపాటు అక్కడే దొరికిపోతుంది. పీవో (కొనుగోలు ఆర్డరు) రేటుతో, జీఆర్ఎన్ పరిమాణంతో కూడా పోల్చాలి. ఈ పరీక్షలన్నీ దాటిన బిల్లు ముందుకు వెళ్తుంది, ఒక్కటి తప్పినా మనిషి ముందుకు వస్తుంది.

ఏఐకి ఇచ్చే సూచనలో ఒక వాక్యం తప్పనిసరి: "కనిపించకపోతే ఖాళీగా వదిలేయి, ఊహించకు." అది లేకపోతే పీవో నంబరు లేని బిల్లుకు కూడా పాత నంబర్ల వరసలోనే ఒకటి పుట్టించి రాసే ప్రమాదం ఉంది. ఆ వాక్యం రాసినా పూర్తిగా నమ్మకూడదు, వచ్చిన పీవో నంబరు మీ జాబితాలో ఉందో లేదో చూడాలి. "నీకెంత నమ్మకం?" అని ఏఐనే అడగడం పనికిరాదు, తప్పు జవాబును కూడా ధీమాగా చెబుతుంది. అంతకంటే, ఒకే బిల్లును రెండు వేర్వేరు మోడళ్ళతో చదివించి, తేడా వచ్చిన గడుల్ని మనిషికి చూపించడం నయం.

మనిషి చూస్తున్నాడు కదా అన్న భరోసా ఎక్కువ రోజులు నిలవదు. వరసగా సరైన బిల్లులే వస్తుంటే కళ్ళు అలవాటుపడి ఓకే నొక్కేస్తాయి. అది మనిషి బద్ధకం కాదు, పని పెట్టిన తీరులో లోపం. అసలు ఎంట్రీలతో కలవని టెస్ట్ ఫోల్డరులో, వంద బిల్లులకు ఐదు చొప్పున కావాలని తప్పు బిల్లులు కలిపి, ఎన్ని పట్టుకున్నారో వారం వారం చూడండి. ఐదులో మూడే దొరికితే స్క్రీన్ మార్చాలి. బిల్లు బొమ్మ, చదివిన అంకె పక్కపక్కన ఉండాలి, అనుమానమున్న గడి మాత్రమే వెలగాలి. అకౌంట్స్‌లో కూర్చున్న అమ్మాయికో అబ్బాయికో ఈ పని మొదలుపెట్టకముందే చెప్పండి, మిగిలే గంటల్లో వాళ్ళు సప్లయర్ల బకాయిలు, 2బీ తేడాలు చూస్తారని. చెప్పకపోతే వాళ్ళు దీన్ని తమ ఉద్యోగానికి ఎసరుగానే చూస్తారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

బిల్లు చదివే ఏఐకి డబ్బు చెల్లించే అనుమతి ఎప్పుడూ ఇవ్వకండి. బిల్లు మీద బ్యాంకు అకౌంటు నంబరు మారి కనిపిస్తే, ఆ బిల్లు మీదున్న ఫోన్ నంబరుకు కాకుండా మీ రికార్డుల్లో మొదటినుంచీ ఉన్న నంబరుకు మనిషే ఫోన్ చేయాలి.

ఉద్యోగుల సొంత ఫోన్లలోని ఉచిత చాట్‌బాట్‌లకు రేట్ల జాబితాలు, కస్టమర్ డ్రాయింగులు వెళ్ళకూడదు. 2023లో శాంసంగ్ ఉద్యోగులు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టాక ఆ సంస్థ అలాంటి వాడకాన్ని నిషేధించింది. నిషేధం ఒక్కటే పెడితే చాటుగా వాడతారు. మన డేటాతో శిక్షణ ఇవ్వబోమని ఒప్పందంలో రాసిచ్చే వ్యాపార ఖాతా కొనివ్వండి. ఆధార్, పీఎఫ్, జీతాల కాగితాలు మాత్రం అందులోకి కూడా వద్దు.

ఎప్పుడు ఆపేయాలో మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోండి. ఉదాహరణకు, ఎనిమిది వారాల తర్వాత కూడా మనిషి ముందుకొచ్చే బిల్లులు మూడో వంతుకు మించితే ఆపేయాలి. ఇక ఆ 200 పాత బిల్లుల ఫోల్డరును పారేయకండి. ఏఐ ఇచ్చే కంపెనీ మోడల్‌ను మార్చినప్పుడల్లా, నిన్నటిదాకా సరిగ్గా చదివిన బిల్లును కొత్తది తప్పు చదవచ్చు. మార్పు వచ్చిన రోజే ఆ 200 మళ్ళీ నడిపి, పాత ఫలితంతో పోల్చాకే కొత్త బిల్లులు దానికి ఇవ్వండి.