గోధుమ గడ్డి బొమ్మ, బ్రామ్లీ పచ్చడి: ఇంగ్లండ్‌లో నేను చేసుకున్న మేబన్ పండుగ

గ్లాస్టన్‌బరీ దగ్గర్లో ఉంటామని చెబితే ఇంగ్లండ్‌లో చాలామంది అదోలా నవ్వుతారు. సోమర్సెట్‌లో ఉన్న ఆ చిన్న ఊరి బజారు నిండా స్ఫటికాలు, ధూపం, జోస్యం చెప్పే టారో కార్డులు అమ్మే దుకాణాలే. ఊరి పక్కన టోర్ అనే గుట్ట, దాని మీద కప్పు లేని పాత చర్చి గోపురం. కాలం మారినప్పుడల్లా తలకు పూలు చుట్టుకుని, డప్పులు పట్టుకుని ఆ గుట్ట ఎక్కేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళే పేగన్లు. ప్రకృతినీ, క్రైస్తవం రాకముందు కొలిచిన దేవతలనూ మొక్కేవాళ్ళు. అందులో విక్కన్లు, డ్రూయిడ్లు, హీదెన్లు అంటూ చాలా తోవలున్నాయి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి సుమారు 74 వేల మంది తమ మతం పేగన్ అని రాసుకున్నారు.

మా పక్కింటావిడ ఆ లెక్కలో ఉన్న మనిషే. రిటైరైన టీచర్. పెరట్లో నాలుగు ఆపిల్ చెట్లు, ఎప్పుడూ మట్టి అంటుకుని ఉండే చేతులు. 2025 సెప్టెంబరు 22న శరదృతువు విషువత్తు. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజు. ఆ సాయంత్రం వాళ్ళింట్లో మేబన్ పండుగకు రమ్మని ఎండాకాలంలోనే పిలిచారు. "చేత్తో చేసింది ఒకటి, వండింది ఒకటి తేవాలి. కొన్నవి వద్దు" అన్నారు. అప్పటికి మా ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ కొన్నవే!

సంగతి మా ఆయన స్నేహితుల వాట్సాప్ గ్రూపుకి చేరగానే చేతబడి జోకులు మొదలయ్యాయి. నేను జవాబు ఇవ్వలేదు. పోచమ్మకు బోనమెత్తి, వేపాకులు పట్టుకుని, పోతరాజు వెంట నడిచిన ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం మనం. మనల్ని చూసి ఒకప్పుడు బయటివాళ్ళు అన్న మాటలే తిరగేసి వీళ్ళను అంటే ఏం బాగుంటుంది?

ముందు చేత్తో చేసే పని. ఆవిడ కార్న్ డాలీ, అంటే గడ్డి బొమ్మ అల్లడం నేర్పిస్తానన్నారు. ఇక్కడ కార్న్ అంటే మొక్కజొన్న కాదు, గోధుమ లాంటి ధాన్యం ఏదైనా. పొలంలో కోసిన చివరి పనలో పంట ప్రాణం ఉంటుందని, దాన్ని బొమ్మగా అల్లి చలికాలమంతా ఇంట్లో పెట్టుకుని, వసంతంలో తొలి చాలులో కలిపి దున్నేవారని చెబుతారు. కార్న్‌వాల్‌లో ఇప్పటికీ చివరి పిడికెడు కోసి పైకెత్తి, అరుచుకుంటూ చేసే వేడుక ఒకటి ఉంది. 'క్రైయింగ్ ద నెక్' అంటారు.

అసలు సమస్య గడ్డి దొరకడం. ఇప్పటి గోధుమ రకాలు పొట్టివి, కాడలు గట్టివి. కంబైన్ మెషీన్‌లో పడితే ఆ కాస్త గడ్డీ నలిగిపోతుంది. గడ్డి కప్పు ఇళ్ళు నేసేవాళ్ళ కోసం మారిస్ విజియన్ అనే పొడుగు రకాన్ని ఇంకా కొందరు పండిస్తున్నారు. కాడ లోపల బోలుగా ఉంటుంది. పై కణుపు నుంచి కంకి దాకా ఒక్క ముక్కే పనికొస్తుంది, దాని మీది ఆకు తొడుగు ఒలిచేయాలి. పక్కింటావిడ తెలిసినవాళ్ళ పొలం నుంచి ఒక కట్ట తెచ్చి గరాజ్‌లో వేలాడదీసి ఉంచారు. ఆ గరాజ్‌లో అడుగుపెడితే మా తాతల నాటి గడ్డివాము వాసన.

ఎండు పరకను వంచితే టప్పున విరుగుతుంది. అందుకని గంటసేపు నీళ్ళలో నానబెట్టి, తడి తువ్వాలులో చుట్టి, కావలసినప్పుడల్లా ఒక్కొక్కటే బయటికి తీయాలి. ఐదు పరకలను కంకుల కింద దారంతో బిగించి కడతారు. కంకులు కిందికి వేలాడేలా పట్టుకుని, పరకలను నాలుగు దిక్కులకూ పరవాలి. ఐదు పరకలు, నాలుగు దిక్కులు కాబట్టి ఒక దిక్కున జంట ఉంటుంది. ఆ జంటలో ఒకదాన్ని ఎత్తి పక్క దిక్కున ఉన్నదాని పక్కన మడిచి పెడితే ఇప్పుడు అక్కడ జంట అయింది. పనిని చేతిలో పావు వంతు తిప్పి, ఆ జంటతో మళ్ళీ అదే. అంతే సూత్రం. కొత్తగా మడిచేదాన్ని కిందటి మడత కంటే కాస్త బయటికి వేస్తే బొమ్మ పొట్ట ఉబ్బుతుంది, లోపలికి వేస్తే సన్నబడుతుంది. పరక అయిపోతే దాని బోలు చివరలో కొత్త పరక సన్న కొసను దూర్చేయడమే. ముడి కూడా అక్కర్లేదు.

చూస్తుంటే తేలిక. చేస్తుంటే మెడ పట్టేస్తుంది. కానీ కాసేపటికి కళ్ళతో పని లేకుండా వేళ్ళే లెక్క పట్టుకుంటాయి. ఇద్దరం మాట్లాడుకోవడం కూడా మానేశాం. వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ ముందు నవ్వింది. "గడ్డితోటి గౌరమ్మనా బిడ్డా? మంచిగనే ఉన్నది. కంకులు రాలకుంట చూసుకో" అంది. ఎర్ర రిబ్బన్ కట్టి వంటింటి మేకుకు తగిలించాను.

ఇక వంట. ఇక్కడ సెప్టెంబరు అంటే బ్రామ్లీ ఆపిల్. పచ్చగా, పెద్దగా, పళ్ళు పులిసేంత పుల్లగా ఉంటుంది. 1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి నాటిన గింజతో మొదలైన రకం అది. ఇంగ్లిష్‌వాళ్ళు దాన్ని పై, క్రంబుల్ లాంటి తీపి వంటల్లో వేస్తారు. మామిడికాయ దొరకని తెలుగువాళ్ళకు దాని విలువ వేరు. పప్పులో వేస్తే ఇట్టే మెత్తబడి కలిసిపోతుంది. అందుకే ముక్కల పచ్చడికి మాత్రం పొయ్యి మీద పెట్టకూడదు. తొక్కతోనే చిన్న ముక్కలు కోసి, రంగు మారకముందే ఉప్పు పట్టించి, కారం, ఆవపిండి, కాస్త మెంతిపిండి కలిపి, వెల్లుల్లి వేసి కాచిన నూనె చల్లారాక పోశాను. ఇది ఆవకాయలా ఏడాది నిలవదు. ఆపిల్‌లో నీరెక్కువ కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి తొందరగా తినేయాల్సిందే.

బ్లాక్‌బెర్రీల కోసం పొలాల గట్ల వెంట ఉండే ముళ్ళ కంచెల దగ్గరికి వెళ్ళాం. మైకెల్మస్ అనే క్రైస్తవ పండుగ, అంటే సెప్టెంబరు 29 దాటాక వాటిని కోయకూడదట. ఆ రోజు స్వర్గం నుంచి తోసేస్తే సైతాను సరిగ్గా ఆ ముళ్ళలోనే పడ్డాడని, కోపంతో వాటి మీద ఉమ్మేశాడని కథ. అక్టోబరు వచ్చేసరికి తేమకు పళ్ళు నీరుకారి బూజు పడతాయన్నది అసలు సంగతి. పిల్లలు ఆగాలంటే బూజు కంటే సైతానే నయం.

ఇలా వండుతూ, అల్లుతూ ఉండగా ఈ పండుగ ఎంత పాతదని అడిగాను. వేల ఏళ్ళ నాటిదని చెబుతారేమో అనుకున్నా. ఆవిడ మొహమాటపడలేదు. ఏడాదికి ఎనిమిది పండుగల చక్రం ఇప్పుడున్న రూపంలో కుదిరింది 1950లలో. విక్కా మతాన్ని లోకానికి చెప్పిన జెరాల్డ్ గార్డ్‌నర్, డ్రూయిడ్ గురువు రాస్ నికొల్స్ స్నేహితులు, ఆ చక్రం వెనక ఇద్దరూ ఉన్నారు. విషువత్తుకు మేబన్ అని పేరు పెట్టింది 1970లలో అమెరికాకు చెందిన ఏడన్ కెల్లీ. ఆ మాటకొస్తే ఇక్కడి చర్చిల్లో ఘనంగా చేసే హార్వెస్ట్ ఫెస్టివల్ కూడా ఇప్పుడున్న తీరులో 1843లో కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టోలో హాకర్ అనే పాదిరి మొదలుపెట్టిందే. "పూజ కొత్తదే. ఆపిల్, గోధుమ మాత్రం పాతవే కదా" అని ఆవిడ పిండి కలుపుకున్నారు. ఈ నిజాయితీ నాకు నచ్చింది. మన దగ్గర నిన్న మొన్న పుట్టిన ఆచారాన్ని కూడా వేదకాలం నాటిదని చెప్పుకుంటే తప్ప తృప్తి ఉండదు.

పండుగ రోజు సాయంత్రం వాళ్ళ పెరట్లో పదిమంది దాకా చేరాం. నాకు లోపల టెన్షన్‌గానే ఉంది, ఏం చేయమంటారో ఏమోనని. ఒక చెక్క బల్ల మీద ఆపిల్స్, కంకులు, ఎర్రబడ్డ ఆకులు, కొవ్వొత్తి, అందరూ తెచ్చిన వస్తువులు. నా గడ్డి బొమ్మ మధ్యలో పెట్టారు. గుండ్రంగా నిలబడి ఒక్కో దిక్కుకూ తిరిగారు. తూర్పుకు గాలి, దక్షిణానికి నిప్పు, పడమరకు నీరు, ఉత్తరానికి భూమి. ఒక్కో దిక్కును పిలవడానికి ఒక్కొక్కరు. మంత్రాలేమీ లేవు, మామూలు మాటలే. ఒకాయన చేతిలో కాగితం గాలికి ఎగిరిపోతే అందరూ నవ్వేసి మళ్ళీ మొదలుపెట్టారు.

తర్వాత ఆవిడ ఒక ఆపిల్‌ను నిలువుగా కాకుండా అడ్డంగా కోసి చూపించారు. మధ్యలో ఐదు కోణాల నక్షత్రం, ఒక్కో కోణంలో గింజల గది. ఇన్నేళ్ళుగా ఆపిల్స్ కోస్తున్నాను, ఎప్పుడూ తొడిమ నుంచి కిందికే. ఆ నక్షత్రాన్ని చూడనేలేదు. ముక్కలు పంచారు. రొట్టె తుంచి, సైడర్ (పులియబెట్టిన ఆపిల్ రసం) కప్పు చేతులు మార్చుకుంటూ, ఈ ఏడాది తమకు పండిందేమిటో ఒక్కొక్కరూ చెప్పారు. ఒకరు ఉద్యోగమన్నారు, ఒకరు మోకాలి ఆపరేషన్ అన్నారు. కప్పులో మిగిలింది ఆపిల్ చెట్టు మొదట్లో పోశారు. పొద్దుగూకిన కాసేపటికే, 7 గంటల 19 నిమిషాలకు విషువత్తు ఘడియ. ఫోన్ చూసి ఎవరో చెప్పారు, చప్పట్లు కొట్టాం. పచ్చడి సీసా చీజ్, రొట్టెల మధ్య తిరిగి తిరిగి ఖాళీగా నా దగ్గరికి వచ్చింది.

ఆ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ సరిగ్గా ముందురోజే పడింది. తంగేడు, గునుగు ఇక్కడ ఎక్కడివి? బంతి, డాలియా, ఊదారంగు మైకెల్మస్ డెయిసీలతో పేర్చాను. పైన పెట్టడానికి మాత్రం ఆవిడ పెరట్లో గుమ్మడి పువ్వు దొరికింది. సద్దుల రోజున, సెప్టెంబరు 30న ఆవిడను పిలిచాను. పూలు వరసలుగా పేర్చడం చూసి, గడ్డి అల్లేటప్పుడు నన్ను చూసినట్టే నా చేతులను చూస్తూ కూర్చున్నారు. పాటలో చప్పట్ల తాళం మాత్రం ఆవిడకు చివరిదాకా దొరకలేదు. ఇక్కడి వాగులో వేయడం నాకే బాగనిపించక మా పెరట్లో నీళ్ళ తొట్టిలో సాగనంపి, మర్నాడు పూలన్నీ ఆవిడ కంపోస్టు గుంతలో వేశాం. పెరుగు సద్ది, పులిహోర బాగానే తిన్నారు కానీ మనసు పారేసుకున్నది మలీద మీద. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలపడమేనని చెబితే కాగితం మీద రాసుకున్నారు.

అక్టోబరు 31న వాళ్ళకు సావిన్, పోయినవాళ్ళకు కూడా కంచం పెట్టే రాత్రి. పెత్రమాస గురించి చెప్పినప్పటి నుంచి ఆవిడకు నా మీద ఇంకాస్త గురి కుదిరింది. టర్నిప్ తొలిచి దీపం చేయడం నేర్పిస్తానన్నారు. గుమ్మడికాయ కంటే చాలా గట్టిదట, బలమైన చెంచా తెచ్చుకోమన్నారు. మలీద కూడా తానే చేస్తానని, శాంపిల్‌కి ఒక గిన్నె పంపారు. ఓట్స్ రొట్టె, తేనె. నెయ్యి లేనే లేదు. గిన్నె కడిగిచ్చేటప్పుడు, సావిన్‌కి మలీద నేను తెస్తానని మెల్లగా చెప్పి వచ్చాను.