‘ప’ దగ్గర ఆగిపోయే మాట: నా స్పీచ్ థెరపీ అనుభవం

కోఠిలో బస్సెక్కి కండక్టర్‌కి ‘అమీర్‌పేట’ అని చెప్పి, అంతకు ముందే పంజాగుట్టలో దిగిపోయేవాణ్ణి. నా ఆఫీసు పంజాగుట్టలోనే. మూడేళ్ళు అలాగే గడిపాను. ‘ప’ అనబోతే పెదవులు రెండూ అతుక్కుపోయేవి, మెడ నరాలు ఉబ్బేవి, ఊపిరి లోపలే ఆగిపోయేది. ఏం చెప్పాలో మనసులో స్పష్టంగా ఉంటుంది. నోరు మాత్రం కదలదు.

చిన్నప్పుడు మా అమ్మమ్మ వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుక మీద రాసేది. ఎవరో చెప్పారని నోట్లో గులకరాళ్ళు పెట్టి చదివించారు కూడా. ‘భయపడకు, నిదానంగా చెప్పు’ అననివాళ్ళు లేరు. బడిలో అందరితో కలిసి ప్రతిజ్ఞ గడగడా చెప్పేవాణ్ణి. ఒకరోజు ఒక్కణ్ణే ముందు నిలబెడితే ‘భా’ దగ్గరే ఆగిపోయాను. పిల్లలంతా నవ్వారు. నాకు ధైర్యం లేదు, అందుకే నత్తి అని ఆ రోజే నమ్మేశాను. ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా అదే నమ్మకం.

ఆఫీసులో ఫోన్ కాల్స్ పెరిగి, టెన్షన్‌తో నిద్ర పట్టని రోజులొచ్చాక సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మాట, వినికిడి ఇబ్బందులు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రానికి వెళ్ళాను. మొదటి రోజు నన్ను చదివించి, మాట్లాడించి, ఫోన్ చేయించి అన్నీ రికార్డు చేశారు. తర్వాత అక్షరాలు లెక్కపెట్టారు. నూటికి 14 చోట్ల తడబడ్డాను.

ఆ తర్వాత అదే పేజీని థెరపిస్ట్ మేడమ్ నాతో కలిసి చదివారు. ఒక్కచోట కూడా ఆగలేదు! ప్రతిజ్ఞ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఆమె అన్నారు: “పక్కన ఇంకో గొంతు ఉంటే మాటకి బయటినుంచి తాళం దొరుకుతుందండీ. పాట పాడినా అంతే. ఒక్కరే మాట్లాడేటప్పుడు ఆ తాళం మెదడే వేసుకోవాలి. మీకు అక్కడ ఇబ్బంది.”

ఊపిరి, స్వరపేటిక, దవడ, నాలుక, పెదవులు కలిపి వందకు దగ్గర కండరాలు రెప్పపాటులో ఒకదానితో ఒకటి కలిసి కదిలితేనే మాట పుడుతుందట. చిన్నప్పటి నుంచి నత్తి ఉన్న పెద్దవాళ్ళ మెదడు స్కాన్లలో, మాట కదలికలను నడిపే ఎడమవైపు భాగాల మధ్య సంబంధాలు కాస్త వేరుగా కనిపించాయి. భయం నత్తిని పెంచుతుంది గానీ పుట్టించదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆన్ స్మిత్ బృందం పెదవుల కదలికలను కొలిచింది. వాక్యం చిక్కుగా ఉంటే, పైకి సాఫీగా వినిపించిన మాటలో కూడా నత్తి ఉన్నవాళ్ళ పెదవులు ప్రతిసారీ కొంచెం వేరేగా కదిలాయి. మీటింగుల్లో చిన్న జవాబులు చెప్పేసి, పొడవైన వివరణ మధ్యలో ఎందుకు చిక్కుకునేవాణ్ణో అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళు నన్ను నేను తిట్టుకున్నది అనవసరంగానే.

ఇక ప్రాక్టీస్. రోజూ అద్దం ముందు పావుగంట. పెదవుల మధ్య చిన్న కాగితం ముక్క పెట్టుకుని ‘ప’ అనాలి. పెదవులు గట్టిగా నొక్కితే కాగితం కదలదు, తేలిగ్గా తాకిస్తే జారిపోతుంది. మొదటి వారం ఒక్కసారీ జారలేదు. అంత బలం పెడుతున్నానని నాకే తెలియదు. ఊపిరి కొంచెం వదలడం మొదలయ్యాక పెదవులు తాకించమన్నారు. అప్పుడు జారింది.

గదిలో రెండు నెలలకే బాగా వచ్చింది. బస్సులో మాత్రం మళ్ళీ అదే కథ. బాగా నీరుగారిపోయాను. మేడమ్ ఏమీ కంగారుపడలేదు. పెద్దయ్యాక కూడా ఉన్న నత్తి సాధారణంగా పూర్తిగా పోదని మొదటే చెప్పారు. ఇప్పుడు మాట పట్టేసినప్పుడు ఏం చేయాలో నేర్పించారు: నెట్టకూడదు, వెనక్కి తీసుకోకూడదు, మాట మార్చకూడదు. పట్టేసిన చోటే ఉండి, బిగువు ఎక్కడుందో గమనించి, మెల్లగా సడలించి బయటికి రావాలి. కావాలని నత్తిగా మాట్లాడటం కూడా ప్రాక్టీస్ చేయించారు. అది అన్నిటికంటే కష్టం. అయినా నాకు ఎక్కువ పనిచేసింది అదే, ఎందుకంటే దాచుకోవాల్సింది తగ్గిపోయింది.

ఒకరోజు కండక్టర్ ముందు ‘ప’ దగ్గర ఆగాను. ఆ బిగువును అలాగే చూస్తూ పెదవులు వదిలాను. ‘ప్‌... పంజాగుట్ట’ వచ్చింది. ఆయన టికెట్ ఇచ్చి ముందుకెళ్ళిపోయారు.

ఆరో నెలలో మళ్ళీ రికార్డు చేస్తే నూటికి 5. ఫోన్‌లో ఇంకా 9. ప్రాక్టీస్ మానేసిన వారం పెరుగుతుంది కూడా. మా అమ్మ నా మాట పూర్తికాకముందే ప్రేమతో తనే అందించేది. ‘అమ్మా, నేను చెప్పేదాకా ఆగు’ అన్నాను. మొన్న ఫోన్‌లో పక్కింటి పద్మక్క గురించి అడుగుతూ ‘ప’ దగ్గర చిక్కుకున్నాను. అటువైపు కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. అమ్మ ఏమీ అనకుండా నా మాట కోసం ఆగింది.